హరిహర్‌లో ఒక లేత్

అనంతపురం నుంచి చిత్రదుర్గ దాకా బస్సులో కునుకుతూనే ఉన్నాను. గుట్టల మీద గాలిమరలు కనబడ్డాక మెలకువ వచ్చింది. దావణగెరెలో దిగి బెణ్ణె దోసె తినకుండా ముందుకు పోవడం నా వల్ల కాలేదు. వెన్న వేసి కాల్చిన దోసె, పక్కన కారం లేని ఆలుగడ్డ పల్య, తెల్లటి కొబ్బరి చట్నీ. ఎర్రకారం పూసిన దోసె తిని పెరిగిన నాలుకకు ఆ చట్నీ ముందు చప్పగా తగిలింది. రెండో దోసెకి వచ్చేసరికి అంత వెన్నకి ఆ చట్నీయే సరైన జోడీ అనిపించింది. సాయంత్రాలు ఆ ఊళ్ళో మిరపకాయ బజ్జీ, మండక్కి (బొరుగులు) తింటారు. ఉగ్గాని, బజ్జీ తినే మనవాళ్ళకి అది సొంతూరి తిండే.

నేను బయల్దేరింది మాత్రం లేత్ మిషన్ కోసం. ఇంటి వెనక షెడ్డులో పాత ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తుంటాను. ఒకప్పుడు మా బావుల్లో నీళ్ళు తోడినవి అవే. వాటికి బుష్షులు, పిన్నులు ఇప్పుడు షాపుల్లో దొరకవు. చేసుకోవాల్సిందే. కొత్తగా వస్తున్న చిన్న లేత్‌లు చూశాను. బరువు తక్కువ, ఇనుము కోసేటప్పుడు వణుకు. పాతదే కొనాలని, అదీ హరిహర్‌లోనే వెతకాలని అనుకున్నాను. తుంగభద్ర ఒడ్డున ఆ ఊళ్ళో 1941లో మైసూర్ కిర్లోస్కర్ ఫ్యాక్టరీ మొదలైంది. ప్రపంచ యుద్ధం నడుస్తూ, విదేశీ యంత్రాలు రావడమే గగనమైన కాలం. అక్కడ తయారైన లేత్‌ల మీద పని నేర్చుకున్న ఐటీఐ కుర్రాళ్ళు ఎంతమందో! ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. అందులో పనిచేసిన చేతులు మాత్రం ఇంకా ఆ ఊళ్ళో ఉన్నాయి.

అలాంటి చేతులున్న ఒక పెద్దాయన్ని మిత్రుడొకడు పరిచయం చేశాడు. ఊరు రాయదుర్గం, బతుకంతా హరిహర్‌లో టర్నర్‌గా గడిచింది. తెల్ల పంచె, జేబులో మడత అద్దాలు, చేతిసంచిలో డయల్ గేజ్, మైక్రోమీటర్. షెడ్డు మూసేస్తున్న ఒక యజమాని దగ్గర రెండు లేత్‌లు అమ్మకానికున్నాయి. ఒకటి కొత్త ఆకుపచ్చ రంగుతో తళతళలాడుతోంది. రెండోది నూనె జిడ్డుతో నల్లగా ఉంది. నా కళ్ళు ఆకుపచ్చదాని మీదికే పోయాయి.

"రంగు సూడొద్దు నాయనా, బెడ్ సూడు," అన్నాడాయన.

గుడ్డతో బెడ్ తుడిచి, ఇనుమును పట్టి తిప్పే చక్ దగ్గర గోటితో అడ్డంగా గీశాడు. తర్వాత కోత ఉలిని మోసే క్యారేజిని చక్ దగ్గరికి తెచ్చి, దాని లాక్ బోల్టు కొద్దిగా, కదిలీ కదలనంతగా బిగించాడు. హ్యాండ్‌వీల్ తిప్పుతూ అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ వైపు పోనిచ్చాడు. ఆకుపచ్చది సగం దూరం పోకముందే పట్టేసింది. "పనులన్నీ చక్ దగ్గరే జరుగుతాయి గదా. ఆడ అరిగిపోతాది, ఆ కొస కొత్తదాని మాదిరే ఉంటాది. అరిగిన కాడ బిగిస్తే అరగని కాడ పట్టుకుంటాది." నల్లదాని మీద చెయ్యి కాస్త బరువెక్కిందే గాని, క్యారేజి చివరిదాకా పోయింది. ఆ కొసన బెడ్‌ని గీకి చదును చేసినప్పటి (స్క్రేపింగ్) చిన్న చిన్న మచ్చలు ఇంకా కనబడుతున్నాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఫ్యాక్టరీలో తను పనిచేసిన విభాగంలోనే చేసినదేమో అని అడిగాను. చెప్పలేనన్నాడు, కానీ వేలు తీయలేదు.

స్పిండిల్ మీద డయల్ గేజ్ ఆనించి, చక్ కింద కట్టె పెట్టి పైకి లేపాడు. ముల్లు రెండు గీతలు కదిలింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. "బేరింగులు బాగుండాయి."

ఇంతలో యజమాని అన్నానికి ఇంటికి వెళ్ళాడు. ఆ విరామంలో హరిహరేశ్వరుడి గుడికి నడిచాం. హొయ్సళ రాజు రెండో నరసింహుడి కాలంలో, 1224 ప్రాంతంలో ఆయన సేనాని పోలాళ్వుడు కట్టించిన గుడి. మూర్తి కుడి సగం శివుడు, ఎడమ సగం విష్ణువు. అదే శతాబ్దంలో నెల్లూరు తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. నా మనసంతా ఆ సంగతి మీదే ఉంటే, పెద్దాయన చూపు స్తంభాల మీద ఉంది. హొయ్సళ శిల్పులు ఇలాంటి గుండ్రని స్తంభాలను తిప్పుతూ చెక్కారని పండితులు చెబుతారు. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండే బలపపు రాయి కాబట్టి అది వీలయింది. ఆయన పుస్తకాలు చదివిన మనిషి కాదు. స్తంభం గాడుల్లో వేలు తిప్పుతూ, "ఇది తిప్పిన పనే," అన్నాడు. నేను చూసిన ఏ గైడూ అంత నమ్మకంగా మాట్లాడలేదు.

మధ్యాహ్నం నల్లదానికి అసలు పరీక్ష. టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా చక్‌లో ఇనప రాడ్ బిగించి, ఆరంగుళాల ఎడంలో రెండు చోట్ల ఒకే కోత కోశాడు. రెండు చోట్లా మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే తేడా మిల్లీమీటరులో నూరో వంతులు రెండు. "కాళ్ళ కింద లెవెల్ సరిచేస్తే ఇందులో సగం పోతాది." బెడ్ మెలిక తిరిగితే కోత ఏటవాలవుతుందని అప్పుడే విడమరిచి చెప్పాడు. ఆఖర్న గేర్ల పెట్టె తెరిపించి, ఒక పెద్ద గేరు పళ్ళు వేలితో లెక్కపెట్టాడు. 127. మర కోతకు క్యారేజిని నడిపే లీడ్ స్క్రూ అంగుళాల లెక్కది, మనకిప్పుడు మర కోయాల్సింది మిల్లీమీటర్లలో. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో హెచ్చిస్తే 127. ఆ ఒక్క గేరు వల్లే రెండు కొలతలకీ తేడా లేకుండా పొత్తు కుదురుతుంది. ఆకుపచ్చదాని పెట్టెలో అది లేదు.

బేరం పెద్దాయనే ఆడాడు. లక్షన్నర చెప్పింది లక్షా ఇరవైకి తెగింది. తన కష్టానికి ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. లారీకి ఎక్కించేటప్పుడు బెల్టులు బెడ్ కింద నుంచే పోవాలని, లీడ్ స్క్రూకి తగలకూడదని క్రేను కుర్రాడి పక్కనే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణం రాత్రంతా లారీ క్యాబిన్‌లో సాగింది. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ కరెంటు కాబట్టి, దాన్ని త్రీ ఫేజ్‌గా మార్చే వీఎఫ్‌డీ పెట్టి మోటారు నడిపిస్తున్నాను. లెవెల్ చేశాక తేడా ఆయనన్నట్టే తగ్గింది. పాత లేత్ కొనాలనుకునేవాళ్ళకి నా మాట ఒకటే: ఊళ్ళో ముసలి టర్నర్ ఎవరున్నారో కనుక్కుని, ఆయన్ని వెంటబెట్టుకుని పొండి. కరెంటు ఇచ్చి ఇనుము కోయించి చూపించనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి.