బరిలో స్థితప్రజ్ఞుడు

ప్రాచీన సాహిత్యాన్ని బోధించడం నా వృత్తి. మహాభారతంలోని ద్వంద్వయుద్ధ ఘట్టాలను ఎన్నిసార్లు పాఠంగా చెప్పినా నాకు తనివి తీరదు. భీమ జరాసంధుల పోరు, భీమ కీచకుల పోరు చదివేటప్పుడు విద్యార్థుల కళ్ళలో మెరిసే ఉత్సాహం నాకు సుపరిచితమే. అయితే నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది అసలు యుద్ధమే జరగని ఒక ఘట్టం. ఆదిపర్వంలో కుమారాస్త్ర విద్యాప్రదర్శన వేళ కర్ణుడు అర్జునుణ్ణి ద్వంద్వానికి పిలుస్తాడు. అప్పుడు కృపాచార్యుడు అతని విద్యను పరీక్షించడు, కులగోత్రాలు చెప్పమంటాడు. కర్ణుడు తలవంచుకుంటాడు.

ఆ ప్రశ్న ద్వాపరయుగంతో అంతరించిపోలేదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అమెరికా ముష్టియుద్ధ రంగంలో అదే ప్రశ్న చర్మపు రంగును గురించిన ప్రశ్నగా వినిపించింది. దానిని జీవితమంతా ఎదుర్కొన్న వీరుడు జో గాన్స్.

గాన్స్ 1874లో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి తొమ్మిదేళ్ళే అయింది. చట్టం సంకెళ్ళు తెంచినా సమాజం తెంచలేదు. రైలుపెట్టెలోను, బడిలోను, భోజనశాలలోను నల్లవారికి వేరుచోటే. పొట్టకూటి కోసం గాన్స్ చేపల బజారులో ఆల్చిప్పలు విప్పి మాంసం తీసే పని చేశాడు. ఆ శ్రమజీవి చేతులే తరువాత ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి.

ముష్టియుద్ధంలో పోటీదారులను బరువును బట్టి తరగతులుగా విభజిస్తారు. గాన్స్ పోరాడిన లైట్ వెయిట్ తరగతి పరిమితి ఆనాడు సుమారు 133 పౌండ్లు, అంటే దాదాపు 60 కిలోలు. పోటీకి ముందు తీసిన ఒక ఛాయాచిత్రంలో అతణ్ణి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. మల్లయోధుడనగానే మన ఊహలో మెదిలే కొండంత దేహం కాదది. సన్నని నడుము, నిబ్బరమైన చూపు. అతని బలం కండల్లో కంటే బుద్ధిలో ఎక్కువగా ఉండేది. ప్రత్యర్థి దెబ్బను చేతితో ఆపి, అతడు తూలిన క్షణాన్ని కనిపెట్టి, తక్కువ కదలికతో సూటిగా కొట్టడం అతని పద్ధతి. అందుకే క్రీడాలోకం అతణ్ణి ‘ఓల్డ్ మాస్టర్’ అని గౌరవించింది.

అతని మార్గం నల్లేరుపై బండినడక కాదు. 1900 మార్చిలో విజేత ఫ్రాంక్ ఎర్న్‌తో తలపడి, కంటికి తీవ్రగాయమై, పన్నెండవ రౌండులో విరమించుకున్నాడు. అదే సంవత్సరం డిసెంబరులో షికాగోలో టెర్రీ మెక్‌గవర్న్ చేతిలో రెండవ రౌండులోనే ఓడిపోయాడు. ఆ పోటీ ముందే కుదుర్చుకున్నదన్న అనుమానం చెలరేగింది. ఆ మచ్చ అతణ్ణి చాలాకాలం వెంటాడింది. అయినా 1902 మే 12న కెనడాలోని ఫోర్ట్ ఎరీలో అదే ఎర్న్‌ను మొదటి రౌండులోనే పడగొట్టి ప్రపంచ విజేత అయ్యాడు. అంతకు పూర్వం ప్రపంచ విజేతలైన నల్లజాతీయులు జార్జ్ డిక్సన్, జో వాల్కాట్ అమెరికా వెలుపల పుట్టినవారు. అమెరికా గడ్డపై పుట్టి ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి వీరుడు గాన్స్.

అతని కీర్తికి శిఖరం 1906 సెప్టెంబరు 3న నెవాడా రాష్ట్రంలోని గోల్డ్‌ఫీల్డ్ అనే బంగారు గనుల పట్టణంలో జరిగిన పోటీ. ప్రత్యర్థి డెన్మార్క్‌లో పుట్టిన బాట్లింగ్ నెల్సన్, ఎంత కొట్టినా చలించని మొండివాడు. నిర్వాహకుడు టెక్స్ రికార్డ్ 30 వేల డాలర్ల పందెపు సొమ్మును బంగారు నాణేలుగా పేర్చి ప్రదర్శనకు పెట్టాడు. విజేతగా వచ్చిన గాన్స్‌కు దక్కేది 11 వేలు. నెల్సన్‌కు దాదాపు రెండింతలు. అంతటితో ఆగలేదు. పోటీనాడు గాన్స్ పలుమార్లు తూగాలనీ, దుస్తులతో, చేతొడుగులతో సహా 133 పౌండ్లు మించరాదనీ నెల్సన్ పక్షం పట్టుబట్టింది. చేతిలో డబ్బులేని గాన్స్ వీటన్నింటికీ తలవొగ్గాడు.

ఎడారి ఎండలో పోరు మొదలైంది. ఒక్కొక్క రౌండు మూడు నిమిషాలు, నడుమ ఒక నిమిషం విరామం. నేడు ప్రపంచ స్థాయి పోటీకి పన్నెండు రౌండ్లే హద్దు. ఆనాడు నలభై రెండు రౌండ్లు సాగింది. లెక్కవేస్తే రెండుముప్పావు గంటలకు పైమాటే. ముప్పై మూడవ రౌండు వేళకు గాన్స్ కుడిచెయ్యి విరిగింది. అతడు నొప్పిని ముఖంలో కనబడనీయక ఎడమచేతితో పోరు సాగించాడు. కింద పడిన నెల్సన్‌కు చేయి అందించి లేపాడని నాటి వార్తాకథనాలు చెబుతున్నాయి. చివరకు నలభై రెండవ రౌండులో నెల్సన్ నిషిద్ధమైన నడుము కింది దెబ్బ కొట్టగా, న్యాయనిర్ణేత జార్జ్ సైలర్ గాన్స్‌ను విజేతగా ప్రకటించాడు.

ఆ సొమ్ముతో గాన్స్ బాల్టిమోర్‌లో ‘గోల్డ్‌ఫీల్డ్’ పేరుతోనే ఒక హోటలు నెలకొల్పాడు. తరువాత సంగీతజ్ఞుడిగా ఖ్యాతి పొందిన యూబీ బ్లేక్ అక్కడ పియానో వాయించాడు. కానీ సుఖం ఎంతోకాలం నిలవలేదు. 1908లో నెల్సన్ చేతిలో రెండుసార్లు ఓడి పదవిని కోల్పోయాడు. క్షయవ్యాధి అతని దేహాన్ని తొలిచివేసింది. పొడిగాలి కోసం అరిజోనా వెళ్ళినా ఫలితం లేక, స్వస్థలానికి తిరిగి వచ్చి, 1910 ఆగస్టు 10న ముప్పై అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు. 1990లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతని పేరును చేర్చుకొంది.

ఈ కథ చెప్పినప్పుడు ఒక విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగింది: “అన్యాయమని తెలిసీ ఆ నిబంధనలకు ఆయన ఎందుకు ఒప్పుకున్నారండీ? అది పిరికితనం కాదా?” నేను చాలాసేపు ఆలోచించాను. ఒప్పుకోకుంటే గాన్స్‌కు బరిలోకి ప్రవేశమే లేదు. నిబంధనకు లొంగడం వేరు, దానిని న్యాయమని నమ్మడం వేరు. తనను కట్టడి చేసిన నియమాలను అతడు అక్షరాలా పాటించాడు; వాటిని విధించిన పక్షమే చివరకు ఆట నియమాన్ని ఉల్లంఘించి ఓడింది. అయితే అతని ఓర్పును మెచ్చుకుని ఊరుకుంటే మన పని పూర్తికాదు. అంతటి ఓర్పు ఒకరికే ఎందుకు అవసరమైంది, రెండవవారికి ఎందుకు అక్కరలేకపోయింది అని కూడా అడగాలి.

కర్ణుడికి ఆ సభలోనే అంగరాజ్యమిచ్చి ఆదుకొనే దుర్యోధనుడు దొరికాడు. గాన్స్‌కు అలాంటి ఆసరా ఎవరూ ఇవ్వలేదు. రెండు చేతులతో, ఒకటి విరిగాక మిగిలిన దానితో, తన యోగ్యతను తానే నిరూపించుకున్నాడు. విద్యార్థులారా! మీరు రేపు ఏ రంగంలోనైనా ఇతరుల ప్రతిభను తూచే స్థానంలో కూర్చోవచ్చు. ఆనాడు మీ ఎదుట నిలిచిన వ్యక్తిని మొదట ఏ ప్రశ్న అడుగుతారో ఇప్పుడే ఆలోచించుకోండి.