నాటింగ్‌హామ్ సీసం

ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో సీసం చెప్పి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, చివర ఆటవెలదో తేటగీతో - సీసంతో నాకున్న పరిచయం అంతవరకే. చేతిలోకి తీసుకుంటే బరువు తూగి, కాగితం మీద గీస్తే నల్లటి చార పడే ఆ రెండో సీసంతో కూడా నాకు పని పడుతుందనీ, అదీ ఇంగ్లండులో పడుతుందనీ ఎన్నడూ అనుకోలేదు.

వేసవి సెలవుల్లో మా పెద్దమ్మకు సాయంగా నాటింగ్‌హామ్ వెళ్ళాను. మా పెదనాన్న గుంటూరులో డాక్టరీ చదివి 1970 ప్రాంతాన ఇంగ్లండు చేరాడు. ఆ రోజుల్లో అక్కడి నేషనల్ హెల్త్ సర్వీసుకు మన డాక్టర్లు ఎందరో వెళ్ళేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, నాకంటే అయిదేళ్ళు పెద్దవాడు, కెనడాలో ఉంటున్నాడు. "వచ్చెయ్యమ్మా" అని వాడు, "చూద్దాంలే" అని ఈవిడ. ఏడాదిగా ఇదే పాట.

ఆ "చూద్దాంలే" వెనక ఒక కథ ఉంది. మా వంశంలో అందరికీ తెలిసిన కథే. అన్నయ్యకు చిన్నతనంలో బొమ్మల పిచ్చి. సైనికులు, మాంత్రికులు, రాక్షసులు - బొటనవేలంత సీసపు బొమ్మలు కొని, రంగులు వేసి, బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేసి యుద్ధాలు చేసేవాడు. 1988లో పదహారేళ్ళ వయస్సున పరీక్షలు సరిగ్గా రాయలేదు. పెదనాన్న మండిపడి, ఆ బొమ్మలన్నీ చెత్తబుట్టలో పోశానని చెప్పాడు. అన్నయ్య పెద్ద చదువుకని 1990లో గడప దాటాడు. ఆ తర్వాత తండ్రితో మాట్లాడింది పండగకీ పబ్బానికీ మాత్రమే.

ఇల్లు సర్దుతూ ఓక్ చెక్క బీరువా అట్టడుగున చెయ్యి పెడితే బిస్కట్ల డబ్బా ఒకటి తగిలింది. ఎత్తబోతే లేవలేదు. మూత తీస్తే బొమ్మలు! నూటికి పైనే ఉంటాయి. అడుగున మూడు కాగితపు పొట్లాలు. విరిగిన ముక్కలేమోనని వాటిని విప్పలేదు.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "పారేశానన్నారే!" అంది. కొంచెంసేపటికి, "ఇవి వాడివేనంటావా? ఎవరివో తెచ్చి దాచారా? కనుక్కో నాయనా" అంది.

కనుక్కోవడానికి అంతకంటే తగిన ఊరు మరొకటి లేదు. నాటింగ్‌హామ్ అనగానే మనకు రాబిన్ హుడ్ గుర్తుకొస్తాడు. కోట గోడ కింద విల్లు ఎక్కుపెట్టిన ఆయన విగ్రహం చూశాను. కొండను తొలిచిన గుహలూ చూశాను. అయితే బొమ్మల పిచ్చివాళ్ళకు ఈ ప్రాంతం వేరే విధంగా పుణ్యక్షేత్రం. దీనికి వాళ్ళు "లెడ్ బెల్ట్" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. సీసపు సీమ అన్నమాట. ఇట్లాంటి బొమ్మలు చేసే కంపెనీలు ఈ చుట్టుపక్కల అన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది గేమ్స్ వర్క్‌షాప్. 1975లో లండనులో ముగ్గురు స్నేహితులు దాన్ని ప్రారంభించారు. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం లెంటన్ పేటలో ఉంది. అక్కడి ప్రదర్శనశాలలో అద్దాల వెనక వేలాది బొమ్మలు యుద్ధం చేస్తూ ఉంటాయి. దసరా బొమ్మల కొలువులో దేవుళ్ళను తీసేసి దయ్యాలను పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అయితే అక్కడి కుర్రాళ్ళకు కొత్తవాటి గురించి తెలిసినంతగా మా డబ్బాలోని పాతవాటి గురించి తెలియదు. "న్యూవర్క్ వెళ్ళండి, వచ్చే ఆదివారం అక్కడ ప్రదర్శన ఉంది" అన్నారు.

ఆదివారం దాకా ఊరికే కూర్చోలేక ఈస్ట్‌వుడ్ వెళ్ళివచ్చాను. బస్సులో ముప్పావుగంట. 1980లలో ఈ బొమ్మల పొట్లాల మీద ఆ ఊరి చిరునామాయే ఉండేది. నేను సాహిత్యం చెప్పేవాణ్ణి గనక నన్నక్కడికి లాగింది మాత్రం డి. హెచ్. లారెన్స్. 1885లో ఆయన పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆ ఊరి బతుకునూ, ఆ తండ్రితో పొసగని తన బతుకునూ కలిపి 1913లో 'సన్స్ అండ్ లవర్స్' నవల వెలువరించాడు. ఇరుకు గదులు, ఇరుకు మెట్లు. ఒక కప్పు కింద ఉంటూ తండ్రీకొడుకులు ఒకరికొకరు అందకుండా పోవడానికి ఇల్లు పెద్దదై ఉండనక్కరలేదనిపించింది.

న్యూవర్క్ ట్రెంట్ నది ఒడ్డున ఉంది. అక్కడి కోటలో 1216లో జాన్ రాజు కన్నుమూశాడు. ఇప్పుడా కోటకు నది వైపు గోడ బాగా మిగిలింది. 1979 నాటికి ఈ చిన్న ఊళ్ళోనే సిటడెల్ మీనియేచర్స్ అనే బొమ్మల కంపెనీ పని మొదలుపెట్టింది. గేమ్స్ వర్క్‌షాపుతో కలిసి దాన్ని నెలకొల్పిన బ్రయాన్ ఆన్సెల్ 2023లో పోయాడు. 1983లో వార్‌హామర్ అనే ఆట బయటికి వచ్చింది ఈ బొమ్మల గిరాకీ పెంచడానికేనని చెబుతారు.

ఊరి వెలుపల మైదానంలో ప్రదర్శన. పెద్ద షెడ్డులో బల్లలు, బల్లల మీద యుద్ధాలు. ఒక మూల పాత బొమ్మలు అమ్మే ముసలాయన కనిపించాడు. డబ్బా మూత తీయగానే ఆయన కళ్ళజోడు మార్చుకున్నాడు. "కూర్చో, డక్" అన్నాడు. డక్ అంటే బాతు. నాకు రోషం వచ్చిన మాట నిజం. ఆ సీమలో అది మన "నాయనా" వంటి పిలుపని తర్వాత తెలిసింది.

"మొదట పాదం చూడాలి" అన్నాడు. నేనూ విద్యార్థులతో అదే చెబుతాను! బొమ్మ కాళ్ళ కింద లోహపు పీట కలిసే పోతపోసి ఉంటే అది సాధారణంగా పాతకాలపుది. 1985 ప్రాంతం నుంచీ పద్ధతి మారింది. కాళ్ళ కింద సన్నని లోహపు పట్టీ ఉంచి, దాన్ని ప్లాస్టిక్ పీట గాడిలో దూర్చడం మొదలుపెట్టారు. ఆ పట్టీ మీదనే కంపెనీ పేరు, సంవత్సరం, ఒక్కొక్కప్పుడు ఆ బొమ్మ పేరు కూడా ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి. తాటాకు ప్రతికి ఆశ్వాసాంత గద్య ఎట్లాంటిదో దీనికి ఆ పట్టీ అట్లాంటిది. పీట ఊడదీస్తేగాని కనబడదు.

పట్టీ లేనివాటికి ఎత్తు కొలవాలి. పాతవి 25 మిల్లీమీటర్ల కొలతవి. రానురాను 28కి పెరిగి, తలలూ చేతులూ లావెక్కాయి. ఆ తర్వాత చేతివాటం. పెర్రీ కవల సోదరుల సైనికులు, జెస్ గుడ్విన్ చేసిన వనదేవతలు, కెవ్ ఆడమ్స్ గాబ్లిన్లు - గాబ్లిన్ అంటే మన కొరివిదయ్యానికి వేలువిడిచిన చుట్టం - వీటిని చూడగానే పోల్చవచ్చునట. ఆడమ్స్ గాబ్లిన్ల వంకర మూతులూ వెకిలి నవ్వులూ చూశాక నాకూ ఆ మాట నిజమే అనిపించింది. పద్యం వినగానే ఇది ఫలానా కవి ధార అని మనం అనుకోమూ?

ఇందులో దొంగ ప్రతులూ ఉన్నాయి. ఈ బొమ్మలను రబ్బరు అచ్చుల్లో పోసి, అచ్చును గిర్రున తిప్పి పోతపోస్తారు. ఆదిలాబాదు ఓజాల మైనపు పోతలో బొమ్మకొక అచ్చు. పోత కాగానే అచ్చు పగలగొట్టాలి. ఇక్కడ ఒకే అచ్చుతో ఎన్నో. ఎవడైనా బజారులో కొన్న బొమ్మకే అచ్చు తీసి మళ్ళీ పోస్తే, లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది గనక నకలు రవ్వంత చిన్నదవుతుంది, ముక్కూ మొహం మొద్దుబారుతాయి. లేఖకుడు ప్రతికి ప్రతి రాసుకుంటూ పోతే పాఠం చెడినట్టే.

మా డబ్బాలో కొన్ని బొమ్మలకు తెల్లటి పొడి పట్టి ఉంది. "ఏ చెక్క బీరువాలో పెట్టారు? ఓకేనా?" అని అడిగాడు. ఓక్ చెక్క నుంచి వచ్చే పుల్లని ఆవిరి సీసాన్ని తినేస్తుందట. పొడిని ఊదవద్దనీ, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమనీ చెప్పి, మంచివాటిని వేరే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించాడు. లెక్క తేల్చాడు: పీటతో పోసినవి సగం, మిగతావి 1985 మొదలు 1988 వరకు. ఒకడే రంగులు వేశాడు, చెయ్యి ఏడాదికేడాది బాగుపడింది. అన్నయ్యవే, సందేహం లేదు. మొత్తానికి రెండు వందల పౌన్లు ఇస్తానన్నాడు.

అప్పుడు పొట్లాలు విప్పాడు. మూడింటిలోనూ గాబ్లిన్లే. రంగు లేదు. పట్టీలు చూశాడు. 1991. 1994. మూడోది తళతళలాడుతోంది. కాగితం మీద గీస్తే చార పడలేదు. "ఇందులో సీసం లేదు. 1990ల చివర సీసం మానేసి తగరం వాడారు" అని పట్టీ చూపించాడు. 1998.

కావ్యంలో రాయలను రాజుగా పొగిడితే అది 1509కి ముందుది కాజాలదని ఏటా పాఠం చెబుతాను. పట్టీ మీద సంవత్సరం బొమ్మను మలిచిన నాటిది. కొన్నది అప్పుడే కావచ్చు, తర్వాత కావచ్చు, ముందు మాత్రం కాదు. 1990లోనే గడప దాటిన కుర్రవాడి డబ్బాలోకి ఈ మూడూ ఎట్లా వచ్చాయి?

అమ్మనని చెప్పి డబ్బా తెచ్చేశాను.

పెద్దమ్మ బొమ్మలకేసి చూడలేదు. కాగితాలు తీసుకుని, మడతల వెంట వేలితో రాసింది. మా తాతగారు ఊళ్ళో ఆయుర్వేదం చేసేవారు. చూర్ణం పొట్లం కట్టే ఆ మడత ఆయనది. కొడుకులిద్దరికీ నేర్పాడు. నాకు మా నాన్న నేర్పాడు. ఇంగ్లండులో అది తెలిసిన చేతులు రెండే.

"ఒక్క మాట చెప్పి ఉండకూడదూ" అంది. అంతే.

ఆ రాత్రి కెనడాకు ఫోను చేశాను. "1988 తర్వాత బొమ్మ కొన్నావా అన్నయ్యా?" అంటే, "ఒక్కటీ కొనలేదురా, ఎందుకు?" అన్నాడు. మూడు సంవత్సరాలూ వరసగా చదివాను. పొట్లాల సంగతి చెప్పాను. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "మూడూ గాబ్లిన్లేనా?" అని అడిగాడు.

"మూడూ అవే."

"ఆయనకు గుర్తుందన్నమాట" అన్నాడు. "రంగు వెయ్యకు. అమ్మకివ్వు. తనే తెస్తుంది."

పక్కనే కూర్చున్న పెద్దమ్మ ఈసారి "చూద్దాంలే" అనలేదు. "అక్కడ చలికి ఏం కట్టుకోవాలో అడుగు" అంది.