కాశీకి ఎంత దూరం?

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అన్నది పూర్వుల మాట. వెళ్ళినవారు తిరిగివస్తారన్న నమ్మకం లేని కాలంలో పుట్టిన సామెత అది. నేడు హైదరాబాదులో ఉదయం విమానమెక్కిన యాత్రికుడు సుమారు రెండు గంటలలో వారణాసిలో దిగి, మధ్యాహ్నానికి గంగాస్నానం చేయగలడు. నగరాలు రెండూ ఉన్నచోటనే ఉన్నాయి. వాటి నడుమ దూరాన్ని దాటే తీరు మారింది.

ఆకాశమార్గాన ఆ దూరం సుమారు 1,000 కిలోమీటర్లు; రోడ్డుమీద సుమారు 1,250. రెండు ఊళ్ళ నడుమ రెండు లెక్కలెందుకు? భూగోళంపై రెండు స్థలాలను కలిపే అతి దగ్గరి రేఖ మొదటిది. ఆ రేఖకు కొండలు, నదులు అడ్డురావు. రోడ్డు మాత్రం నేల చెప్పినట్లు వినవలసిందే. అది నిర్మల్ ప్రాంతంలో గోదావరిని, ఆదిలాబాదు దాటిన తరువాత పెన్‌గంగను, జబల్పూరు వద్ద నర్మదను దాటుతుంది. సాత్పురా, వింధ్య పర్వతశ్రేణులలో అనువైన చోటు వెదుక్కుంటుంది. నాగపూరు, రీవా వంటి పట్టణాలను కలుపుకొని పోతుంది. పెంచ్ అభయారణ్యం దగ్గర వన్యమృగాలు కిందుగా దాటేందుకు వీలుగా ఈ రహదారినే వంతెనలపై ఎత్తి నిర్మించారు. అదనపు 250 కిలోమీటర్లు నేలతో మనిషి కుదుర్చుకొన్న ఒడంబడిక.

నాగపూరుకు ఉత్తరాన, ఈ దారికి చేరువలోనే రామటెక్ కొండ ఉంది. కాళిదాసు ‘మేఘసందేశం’లోని రామగిరి ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆకాశంలో పోయే మేఘానికి ఏ అడ్డూ లేదు. ప్రియురాలికి వార్త త్వరగా చేరాలని యక్షుడు తపించాడు కూడా. అయినా, దారి వంకరైనా సరే, ఉజ్జయినిని చూసి వెళ్ళమని ఆ మేఘాన్ని కోరాడు. దగ్గరిదారి ఒక్కటే మంచిదారి కాదని మహాకవి ఎరుగును.

1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగా కాశీ చేరి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. మజిలీ మజిలీకీ నీటివసతిని, దొరికే సరుకులను, బాటల స్థితిని, ప్రజల ఆచారాలను ఆయన రాసుకొన్నారు. తెలుగువారికి ‘కాశీయాత్ర చరిత్ర’ అలా దక్కింది. అయితే ఆయన పల్లకీలో ప్రయాణించారు. ఆ దూరం బరువు బోయీల భుజాలకు తెలుసు.

అటువంటి బరువునే 2020లో మరికొందరు మోశారు. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్ వల్ల బస్సులు, రైళ్ళు, విమానాలు నిలిచిపోగా, హైదరాబాదులో భవనాలు కడుతున్న ఉత్తరాది కూలీలు ఎందరో ఈ రహదారి వెంట ఇంటిదారి పట్టారు. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నడిచినా, కాశీ చేరడానికి 40 రోజులు దాటుతుంది. చంకన బిడ్డ, నెత్తిన మూట ఉన్న తల్లికి ఇంకెన్ని రోజులో! పలుచోట్ల దారిపక్క ఊళ్ళవారు వారికి అన్నం పెట్టి, నీళ్ళిచ్చారు. ఆ ఆదరణ రోడ్డుమీదనే సాధ్యం.

విమానాన్ని నిందించవలసిన పని లేదు. అవసానదశలో ఉన్న తండ్రిని చూడబోయే కొడుకుకు రెండు గంటల ప్రయాణం వరమే. కాని ఆ వరం టికెట్టు కొనగలిగినవారిది. కాశీకి ఎంత దూరమని అడిగితే పటం ఒక అంకె చెబుతుంది. వెళ్ళేది ఎవరో, ఎలా వెళుతున్నారో కూడా అడిగినప్పుడే ఆ అంకెకు అర్థం తెలుస్తుంది.