నీళ్ళు అందుకోని పంపు

విద్యుత్తుకూ నీటికీ ఉన్న వైరం ఎరిగినవారెవరైనా, కంప్యూటరు పెట్టెలో నీళ్ళు పారుతాయంటే ఒకసారి ఉలిక్కిపడతారు. నిజానికి ఇది పాత ముచ్చటే. ఐబీఎం వారి పెద్ద యంత్రాలు కొన్ని 1960లలోనే నీటితో చల్లబడేవి. 2004లో ఆపిల్ తన పవర్ మాక్ జీ5లో వేగవంతమైన నమూనాకు ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు చేసింది. సూత్రమంతా కారు రేడియేటరుదే. ప్రాసెసరు నెత్తిన కూర్చున్న రాగి దిమ్మెలోంచి నీరు వేడిని మోసుకుపోయి, రేడియేటరులో ఫాన్ల గాలికి దాన్ని వదిలేసి తిరిగివస్తుంది. ఆ నీటిని తిప్పేది పిడికిలంత పంపు.

మా మేనల్లుడు గుంటూరులో పెళ్ళి వీడియోలు కూర్చి బతుకుతున్నాడు. మాఘమాసపు ముహూర్తాలు ముగిసి, మూడు పెళ్ళిళ్ళ పని నెత్తిన ఉన్నప్పుడు అతని యంత్రం మొరాయించింది. ఎక్స్‌పోర్టు మొదలైన అరనిమిషానికే 95 డిగ్రీలకెక్కడం, వేగం తగ్గించుకోవడం, చివరకు ఆగిపోవడం. "పంపు వీకైపోయింది మామయ్యా, కొత్తది చెప్పేస్తున్నా" అన్నాడు. దుకాణంలోనూ అదే మాటన్నారట. ఆ పంపు ఖరీదు అతనికి ఒక పెళ్ళి మీద మిగిలే సొమ్ము. అదీకాక, అది వచ్చి బిగించేలోగా గడువు దాటిపోతుంది. దాటితే రావలసిన బాకీ కూడా రాదు.

"రేడియేటరు పైన ఉంది కదా, అంత ఎత్తుకు నీళ్ళు ఎక్కించలేకపోతోంది" అన్నది అతని సిద్ధాంతం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అతనిది డీ5 రకం పంపు; అది దాదాపు 4 మీటర్ల ఎత్తుకు నీటిని తోయగలదు, పెట్టె ఎత్తు అరమీటరు. పైగా నిండుగా మూసి ఉన్న వలయంలో ఎత్తుతో పనే లేదు. గిలక తాడుకు రెండు వైపులా సమానమైన బిందెలు కట్టినట్టు, దిగే నీటి బరువు ఎక్కే నీటిని లాగుతుంది. పంపు పోరాడేది గొట్టాల, దిమ్మెల రాపిడితోనే.

ముందు చేత్తో చూశాం. రేడియేటరులోకి వెళ్ళే గొట్టం కాలుతోంది, బయటికొచ్చే గొట్టం చల్లగా ఉంది. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ప్రాసెసరు 200 వాట్ల వేడిని వదిలితే, నిమిషానికి ఒక లీటరు ప్రవాహం ఆ వేడితో 3 డిగ్రీలే పెరుగుతుంది. చేతికి తెలిసీ తెలియనంత. అదే నిమిషానికి 200 మిల్లీలీటర్లయితే 14 డిగ్రీలు. కనుక రేడియేటరు నిర్దోషి. ప్రవాహమే సన్నగిల్లింది. ఫాన్లు మార్చమన్న సలహా అంతటితో వీగిపోయింది.

పంపు మాత్రం నిమిషానికి 4700 చుట్లు తిరుగుతున్నట్టు తెర మీద కనబడుతూనే ఉంది. ఆ అంకెను నమ్మి మోసపోయేవారు చాలామంది. మా ఊళ్ళో బావి మోటారూ అంతే. ఫుట్‌వాల్వు కారి గొట్టంలోకి గాలి చేరితే హోరుమంటూ తిరిగేదే గాని నీళ్ళు అందుకునేది కాదు. చుట్ల లెక్క చక్రం సంగతి చెబుతుంది, నీటి సంగతి చెప్పదు. అయితే ఇక్కడ గాలి గుర్రుమనే చప్పుడు లేదు, రిజర్వాయరులో బుడగలూ లేవు.

ఇక మిగిలింది కొలవడమే. మిగతా పరికరాల తీగలన్నీ ఊడదీసి, పవరు సప్లయి పెద్ద కనెక్టరులో ఆకుపచ్చ తీగనూ పక్కనున్న నల్ల తీగనూ కలిపితే పంపు ఒక్కటే తిరుగుతుంది. (కొత్తవాటిలో తీగలన్నీ నలుపే, స్థానం చూసుకోవాలి.) రిజర్వాయరు ఎండిపోకుండా అతను నీళ్ళు పోస్తుంటే నేను గడియారం పట్టుకున్నాను. ఎండితే పంపు బేరింగు పోతుంది, దానికి నూనె ఆ నీరే. పంపు ఒక్కటే ఉంటే లీటరు పాత్ర 5 సెకన్లలో నిండింది. రేడియేటరు కలిపితే 7. ప్రాసెసరు దిమ్మె కలిపేసరికి 5 నిమిషాలు!

దిమ్మె విప్పాం. లోపలి రాగి రెక్కల సందులు వెంట్రుకలు దూరేటంత సన్నవి. వాటి నిండా తెల్లని జిగట. మెత్తని ప్లాస్టిక్ గొట్టానికి ఆ మెత్తదనాన్నిచ్చే పదార్థం కాలక్రమాన నీటిలోకి దిగి, ముచ్చటపడి పోసుకున్న కుంకుమరంగు ద్రవంతో కలిసి అక్కడ పేరుకుంది. రేడియేటరు దారులు వెడల్పు గనుక ఆగలేదు, ఇక్కడ ఆగింది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, పాత పళ్ళబ్రష్షు, ఓ గంట ఓపిక. ఆపైన డిస్టిల్డు వాటరుతో కడిగి మళ్ళీ బిగించాం. లీటరుకు 20 సెకన్లు.

కొత్తగా నీళ్ళు పోశాక గాలి తీయడానికి పెట్టెను ముందుకీ వెనక్కీ వంచుతూ కూర్చోవడం పసిపిల్లకు తేన్పు తెప్పించడం లాంటిదే. రాత్రి రెండింటికి ఎక్స్‌పోర్టు మొదలుపెడితే 72 డిగ్రీల దగ్గర నిలిచింది. పాత గొట్టాలింకా ఉన్నాయి. రబ్బరువి తెప్పించి మార్చేదాకా రంగునీళ్ళు పోయవద్దనీ, రోజూ పని మధ్యలో ఒకసారి ఆ రెండు గొట్టాలూ పట్టి చూడమనీ, తేడా చేతికి తెలిసిన నాడు ఫోను చెయ్యమనీ చెప్పాను.