లాల్‌బాగులో తొలి పలకరింపు

అంతర్జాలంలో పరిచయమై, ఫోనులో నాలుగు మాటలు రాసుకున్న యువతీయువకులు మొదటిసారి యెక్కడ కలుసుకోవాలి? మన బెంగుళూరులోనైతే లాల్‌బాగును మించిన చోటు లేదంటాను. హైదరాలీ 1760లో వేయించిన తోట యిది. మెట్రో స్టేషను దగ్గరలోనే వుంది. ఎవరికి వారే రావచ్చు. మనసు కుదరకపోతే ఎవరికి వారే పోవచ్చు. ఆ వీలు ముఖ్యంగా ఆడపిల్లకు వుండాలి. ఇంట్లో ఒకరికి చెప్పి, పగటివేళ ఒక గంటకని వస్తే చాలు.

పెళ్ళిచూపుల్లో ప్రశ్నలు పెద్దలు వేస్తారు. ఇక్కడ ఆ భారం ఇద్దరిదే. ఎదురెదురుగా కూర్చుంటే జీతం, గోత్రం తప్ప మరొకటి తోచదు. పక్కపక్కన నడుస్తుంటే చెట్లే మాట అందిస్తాయి. 1889లో శంకుస్థాపన జరిగిన గాజుభవనం చూసి, కెంపేగౌడ గోపురమున్న బండ మీదికి నిదానంగా యెక్కండి. ఆ రాతి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలు! దానిమీద నిలబడి తొందరపడడమెందుకు?

మాట ఆగితే, "మీ ఇంటి తెలుగులో కన్నడం యెంత కలుస్తుందండీ?" అని అడగండి. అమ్మమ్మా, వంటిల్లూ, చిన్ననాటి వీధీ వరుసగా వచ్చేస్తాయి. ఆగస్టు, జనవరి పుష్పప్రదర్శనలప్పుడు మాత్రం వద్దు; ఆ జనంలో మాట వినబడదు.

పెద్దలకొక మనవి. తిరిగివచ్చిన పిల్లను గుమ్మంలోనే "ఏమైంది?" అని నిలదీయకండి. ముందు కాసిని మంచినీళ్ళివ్వండి. చెప్పదలిస్తే తానే చెబుతుంది.