యూరియా సంచి

జనవరి 28, బుధవారం. కచ్యావ్

మార్కెట్ అప్పుడే సగం ఖాళీ. చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, సర్కారు సెలవులు 15 నుంచి. మగ్గాల మీద పనిచేసేవాళ్లు అంతదాకా ఆగరు, మూటలు సర్దేశారు. అద్దకం మిల్లులు ఆగితే నూలు అడిగే నాథుడుండడు. షావోషింగ్‌లోని ఈ బట్టల బజారులో ఇండియా వాళ్లకు కొదవలేదు. సూరత్ వాళ్లు, ఢిల్లీ వాళ్లు, సింధీలు. తెలుగువాళ్లం మాత్రం వేళ్ల మీద లెక్క.

ఇంటికి బయల్దేరడానికి గ్వాంగ్‌జౌ దాకా రైలు టికెట్టు దొరికింది. పాస్‌పోర్టు నంబరే టికెట్టు, కాగితం ఉండదు. గేటు దగ్గర ఇక్కడివాళ్లంతా కార్డు ఆనించి వెళ్లిపోతారు. నేను పక్కన మనిషి కూర్చునే దారిలో పాస్‌పోర్టు విప్పి నిలబడతాను. ఎన్నేళ్లున్నా అదే దారి.

ఫిబ్రవరి 2, సోమవారం. కచ్యావ్

సెలవులకు ముందు తగాదాలు తెగ్గొట్టుకోవడం ఇక్కడి పద్ధతి. నా దగ్గర నూలు కొనే ఆవిడ లేత నీలం గుడ్డ బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. అంగుళం పొడవున తెల్ల గీత. సూదితో లాగితే ఊడొచ్చింది, వెంట్రుకంత ప్లాస్టిక్ పోగు. పత్తికి పట్టే రంగు దానికి పట్టదు. నూలుగా ఉన్నప్పుడు కంటికి ఆనదు, అద్దకం అయ్యాకే బయటపడుతుంది. అప్పటికి గుడ్డ పోయినట్టే. ఆవిడ అరవదు. ఫొటో తీసి వీచాట్‌లో పెట్టి, బిల్లులో ఎంత తగ్గిస్తావో నువ్వే చెప్పమంటుంది. అరిచేవాళ్లతోనే సుఖం.

2011 నుంచి మూడేళ్లపాటు చైనా సర్కారు తన రైతుల పత్తిని ఎక్కువ ధరకు కొని గోదాములు నింపింది. బయటి పత్తికి కోటా పెట్టింది గానీ నూలుకి పెట్టలేదు. దాంతో ఇక్కడివాళ్లు పత్తికి బదులు నూలే తెప్పించుకోవడం మొదలెట్టారు. ఆ గిరాకీలో మా నాదెండ్ల దగ్గరి గణపవరం మిల్లుల నూలు కంటెయినర్లకెక్కింది, దాని వెనకే నేనూ వచ్చాను. 2014లో ఆ కొనుగోళ్లు ఆపేశారు. ఇప్పుడు వియత్నాం, పాకిస్తాన్ నూలుకి సుంకం లేదు, మనకుంది. అది చాలదన్నట్టు ఈ తెల్ల గీత.

ఫిబ్రవరి 8, ఆదివారం. నాదెండ్ల

గ్వాంగ్‌జౌ నుంచి కలకత్తా నేరుగా వచ్చాను. 2020లో ఆగిపోయిన విమానాలు మొన్న 2025 అక్టోబరులోనే మళ్లీ మొదలయ్యాయి. ఇన్నాళ్లూ బ్యాంకాక్ చుట్టూ తిరిగి రావడమే.

ఊళ్లోకి రాగానే ఫోను తంటా. వాట్సాప్ చైనాలో కుదరదు. 2020 జూన్‌లో వీచాట్‌ను ఇక్కడ నిషేధించారు. రెండు సర్కార్లూ కలిసి మా అమ్మ ఫోను మీద పడ్డాయి. అక్కడున్నప్పుడు వీపీఎన్ తిప్పి తిప్పి అమ్మతో మాట్లాడతాను. ఇక్కడికొస్తే చైనా సిమ్ రోమింగ్‌లో పెట్టుకుని వ్యాపారం చేస్తాను.

సాయంత్రం బాబాయి వచ్చాడు.

"గ్రీన్ కార్డు ఎప్పుడిస్తారంట్రా?"

"అక్కడ అట్లాంటిది మనబోటివాళ్లకు ఇవ్వరు బాబాయ్."

"మరి ఇన్నేళ్లు ఏం చేసినట్టు?"

ఏం చెప్పను? అక్కడా శాశ్వత నివాసం కార్డు ఉంది, నూలు ఏజెంట్ల దాకా రాదంతే. నా పర్మిట్ కంపెనీతో ముడిపడి ఉంటుంది, ఏడాదికోసారి కొత్తది. ఇక్కణ్నుంచి తిరిగి వెళ్లిన 24 గంటల్లో పోలీసు స్టేషన్‌లో ఫలానా ఇంట్లో ఉంటున్నానని రాయించుకోవాలి. ఉండమనీ అనరు, పొమ్మనీ అనరు. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకుని, ఇల్లు కొనాలా వద్దా, అమ్మను తెచ్చుకోవాలా వద్దా అని ప్రతిదీ దానికే కట్టేసుకున్నాడు. నాకు ఆశ లేదు గనక ఆ జబ్బూ లేదు. ఇది బాబాయికి చెప్పలేదు. పెళ్లి సంబంధాల దగ్గర చైనా అంటే మొహం ముడుచుకునేవాళ్లలో ఆయనే మొదటివాడు.

ఫిబ్రవరి 12, గురువారం. నాదెండ్ల

ఆదివారం శివరాత్రి. కోటప్పకొండకు ప్రభలు కడుతున్నారు, ఊరంతా ఆ హడావుడే. పొద్దున పిన్ని కౌలు చేనుకి వెళ్లాను. చివరి తీత. ఆడవాళ్లు నడుముకి కట్టుకున్న ఒళ్లెలోంచి పత్తి తెచ్చి గట్టు మీదున్న యూరియా సంచిలో కుక్కుతున్నారు. సంచి మూతి దగ్గర అల్లిక విడిపోయి తెల్లపోగులు గాలికి ఊగుతున్నాయి. నాలుగు పోగులు పత్తికి అంటుకుపోయాయి కూడా. ఫోనులో నీలం గుడ్డ ఫొటో చూపించాను.

"ఏందిది?"

"ఈ పోగే పిన్నీ. అక్కడ నూలు కొనే ఆవిడ గుడ్డలో తేలింది."

ఫోను దగ్గరికి లాక్కుని చూసింది. "ఇంత సన్నది కనిపెట్టారా? వాళ్లకి వేరే పని లేదా?"

"గుడ్డ సంచుల్లో పోస్తే ఇది రాదు."

"గుడ్డ సంచి ఎవడిస్తాడ్రా? ఇదంటే ఎరువుతోపాటే వచ్చింది. మంచిగా తీసి పోస్తే మిల్లోళ్లు రూపాయి ఎక్కువిస్తారా?"

ఇవ్వరు. జిన్నింగ్ మిల్లులో తేమ చూస్తారు, పింజ పొడవు చూస్తారు. పోగులేని పత్తికీ, పోగులున్న పత్తికీ ఒకటే రేటు. పత్తి తీసేవాళ్లకు కూలి కిలోల లెక్కన ఇస్తారు గనక వాళ్లకి ఏరి చూసే తీరిక లేదు. కచ్యావ్‌లో కోత పడేది ఏజెంటుకీ, నూలు మిల్లుకీ. ఆ మిల్లు మళ్లీ పోగులు ఏరడానికి మనుషుల్ని పెట్టుకుంటుంది గానీ, గట్టు మీదికి ఒక్క గుడ్డ సంచి పంపదు.

"ఆవిడెవరో ఆమెకే చెప్పు," అంది పిన్ని. "కిలోకి రెండు రూపాయలు ఎక్కువిస్తే, అందరికీ తలగుడ్డలు కట్టించి, వెంట్రుక కూడా పడకుండా పట్టుచీరలో పోయిస్తానని."

ఉన్నదున్నట్టు వీచాట్‌లో పంపాను. రాత్రికి జవాబు వచ్చింది. టన్నుకి లెక్కకట్టి చెప్పమంది. కిలో నూలుకి మూడున్నర కిలోల పత్తి వేసుకుంటే, టన్నుకి ఏడువేల రూపాయలు. అక్కడి పండగ అయ్యాక యువాన్‌లలోకి మార్చి పంపాలి. మిల్లువాళ్లని ఈలోపే అడగాలి, ఆ రెండు రూపాయలు మధ్యలో ఆగకుండా పిన్ని దాకా ఎట్లా తెస్తారో.