ఇంట్లో అడిగి చెప్తాను

"అవకాశం తలుపు తడుతుంది, మీరు తీయాలి అంతే" అన్నాడు లైఫ్ కోచ్. ఆదివారం పూట నంద్యాలలో ఒక ఫంక్షన్ హాలు. రిటైరయ్యేలోపైనా అమ్మకి ధైర్యం రావాలని మా అబ్బాయి ఫీజు కట్టి పంపించాడు.

నాకు నవ్వొచ్చింది. నేను పుట్టి పెరిగింది ఆళ్లగడ్డలో. ముఠా కక్షలు ముమ్మరంగా ఉన్న ఆ రోజుల్లో పొద్దు గూకాక ఎవరైనా తలుపు తడితే మేం తీసేవాళ్లం కాదు. నాన్నో అన్నో లోపల్నించే "ఎవరది?" అని అడిగి, గొంతు గుర్తుపట్టాకే గడియ తీసేవాళ్లు. మగవాళ్లు ఇంట్లో లేకపోతే అమ్మ లాంతరు వొత్తి తగ్గించి మమ్మల్ని చప్పుడు చేయనిచ్చేది కాదు. తలుపు తీయడం ఆడవాళ్ల పని కాదని నా ఒంట్లో అట్లా ఇంకిపోయింది. ఇదంతా ఆ హాల్లో చెప్పాలనిపించలేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు స్టాఫ్ రూంలో చాలానే చదివాను. తెల్లవారుజామున లేచి లక్ష్యాలు రాసుకునే మనిషికి కాఫీ ఎవరు కలిపిస్తున్నారా అని ప్రతిసారీ అనుమానం వచ్చేది.

అయినా కోచ్ చెప్పిన ఒక పని చేశాను. ఎవరేం అడిగినా నోట వచ్చే మొదటి మాటని వారం రోజులు చిన్న నోటుబుక్కులో రాసుకోమన్నాడు. వారం తిరిగేసరికి "ఇంట్లో అడిగి చెప్తాను" అని పదకొండు సార్లుంది. పిల్లల్ని మహానంది తీసుకుపోవడం, యూనియన్ మీటింగు, స్కూటర్ నేర్పిస్తానన్న తోటి టీచరు, తిరుపతిలో మూడు రోజుల శిక్షణ... నిజంగా ఇంట్లో ఎన్ని అడిగానో చూసుకుంటే, రెండు. మిగతా తొమ్మిదీ నేనే వద్దనుకుని ఇంటి మీదికి తోసేశాను. ఇన్నేళ్లుగా మా ఆయన్ని తప్పు పట్టుకునే సౌకర్యం ఆ రాత్రి పోయింది. పూర్తిగా పోలేదనుకోండి. అడిగిన రెండింటికీ ఆయన జవాబొకటే: "నీ ఇష్టం. మరి వంట?"

ఆళ్లగడ్డ పోయినప్పుడు నోటుబుక్కు వదినకి చూపించాను. "ఇదేం కొత్తమ్మా, మా సంఘానికొచ్చినామె ఎప్పుడో అడిగింది ఇట్లాంటివన్నీ" అంది.

కర్నూలు నుంచి నంద్యాల వచ్చే దోవలో ఓర్వకల్లు ఉంది. ఐక్యరాజ్య సమితి సాయంతో 1990లలో అక్కడ పొదుపు సంఘాలు బలపడ్డాయి. 2000లో వెలుగు వచ్చాక, సంఘాల్లో రాటుదేలిన పేద ఆడవాళ్లే సీఆర్పీలుగా వేరే ఊళ్లకు పోయి సంఘాలు పెట్టించారు. తర్వాత బీహారు దాకా పోయినవాళ్లున్నారు. అట్లాంటామె ఒకామె వదినని అడిగిందట.

"నువ్వేం పని చేస్తావు మా?"

"నేనేం చెయ్యను. ఇంట్లోనే ఉంటా."

"పొద్దున లేసి ఏం చేస్తావో చెప్పు."

పేడ తీయడం, రెండు బర్రెలకి కసువు, పాలు పిండడం, కేంద్రానికి పోయడం.

"పాల పుస్తకం ఎవరి పేరు మీదుంది?"

అన్న పేరు మీద. ఆ నెలలోనే వదిన దాన్ని తన పేరుకి మార్పించుకుంది. అన్న మూడు రోజులు మాట్లాడలేదట. "అడిగి చేసింటే ఈ జన్మకి కాదు" అంది.

ఆమె వెనక పదిమంది సంఘం ఉంది. నా వెనక నోటుబుక్కు ఒక్కటే. అట్లాగని సంఘాలన్నీ వెలుగే అనను. ఇదే "అవకాశం" మాట చెప్పి మైక్రోఫైనాన్సు కంపెనీలు ఇంటింటికీ అప్పులిచ్చాయి. వసూళ్ల వేధింపులకు ప్రాణాలు పోయాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వదిన వాళ్ల వీధిలో మళ్లీ తలుపు చప్పుడైతే భయపడేవాళ్లు, ఈసారి పట్టపగలే.

సోమవారం హెడ్మాస్టరు తిరుపతి శిక్షణ జాబితా మళ్లీ తీశాడు. "ఇంట్లో..." దాకా వచ్చింది నోట్లోకి.

"పేరు రాయండి సార్" అన్నాను.

సాయంత్రం బియ్యం కడుగుతూ మా ఆయన్ని పిలిచాను. "బుధవారం నుంచి మూడు రోజులు ఊళ్లో ఉండను. ఇట్లా రండి, కందిపప్పు డబ్బా ఏదో చూపిస్తాను."